తాత సందుగ నిండా కాగితాలు దొరికితే ఏం చేయాలి?

"అన్నా, మా తాత సందుగ తెరిచినం. నిండా కాగితాలే. ఏం పౌడర్ చల్లాలె?"

నెలకు ఒకటి రెండుసార్లయినా ఈ ఫోన్ వస్తుంది. హనుమకొండలో పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటుకి ఇస్తున్నవాళ్లు, జనగామలో ఎప్పుడో మూతపడ్డ బట్టల దుకాణం ఖాళీ చేస్తున్నవాళ్లు, మంథని వైపు అటక దులుపుతుంటే కట్టలు బయటపడ్డవాళ్లు. మనుషులు మారినా అడిగేవి ఆ మూడు ప్రశ్నలే: ఏ మందు చల్లాలి, ల్యామినేషన్ చేయించాలా, ఎవరికి ఇవ్వాలి. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

పౌడర్ సంగతి తర్వాత. ముందు పెన్సిల్ పట్టుకోండి.

ఇక్కడ చెప్పేది రెండు రకాల కాగితాల గురించి. ఇంటివి: ఉత్తరాలు, కార్డులు, సర్టిఫికెట్లు, పెళ్లి పత్రికలు, పొలం కాగితాలు. వ్యాపారానివి: చిట్టాలు, ఖాతా పుస్తకాలు, రసీదులు, హుండీలు (వ్యాపారులు డబ్బు చెల్లింపుకు రాసుకున్న పత్రాలు), ప్రామిసరీ నోట్లు. మన దగ్గర ఈ రెండూ చాలావరకు ఒకే పెట్టెలో ఉంటాయి. దుకాణం ముందు గదిలో, సంసారం వెనక గదిలో నడిచిన ఇళ్లు కదా.

ఏమేం కావాలి

పెద్ద ఖర్చేమీ లేదు. 2బి పెన్సిళ్లు నాలుగు, ఒక లాంగ్ నోట్‌బుక్, మెత్తటి పెయింటింగ్ బ్రష్‌లు రెండు (ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది), ఎన్-95 మాస్కులు, గంజి పెట్టని తెల్ల నూలు గుడ్డ నాలుగైదు మీటర్లు, నూలు నాడా ఒక చుట్ట, తెల్ల కాగితాలు ఒక రీము, పరవడానికి పాత తెల్ల దుప్పటి. ఆమ్లం లేని కాగితం, డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొనగలిగితే మంచిదే. కొనలేకపోయినా పని ఆపకండి. చేతికి గ్లవ్స్ ఫొటోలకు చాలు. పెళుసు కాగితాన్ని గ్లవ్స్‌తో పట్టుకుంటే అంచు ఎక్కడుందో వేలికి తెలియదు, చిరుగుతుంది. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి, అంతే.

బల్ల మీద ఉండకూడనివి: పెన్ను, చాయ్, సెల్లోటేపు, ఫెవికాల్, తడిగుడ్డ. పని నడిచేటప్పుడు ఫ్యాన్ కూడా వద్దు.

ఏ కాలంలో మొదలుపెట్టాలని కూడా అడుగుతారు. మే నెలలో మాత్రం వద్దు. వరంగల్ ఎండకు కాగితం అప్పడంలా అయిపోయి ఉంటుంది, మడత విప్పగానే మడత దగ్గరే విరుగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో బూజు భయం. వానలు వెనకపట్టి గాలిలో కాస్త తేమ మిగిలిన రోజులు, అంటే సెప్టెంబరు చివర నుంచి, అన్నిటికన్నా నయం. కాగితం తనంతట తనే మెత్తబడి ఉంటుంది.

1. తెరిచింది తెరిచినట్టు ఫొటో తీయండి

సందుగ మూత తీశాక ఏదీ ముట్టుకోకముందే పైనుంచి ఒక ఫొటో. ఒక వరస తీశాక ఇంకో ఫొటో. అడుగు కనిపించేదాకా ఇంతే. ఏ కట్ట ఏ కట్ట కింద ఉందో తర్వాత మీకు గుర్తుండదు. గుర్తుంటుందనుకుంటారు, ఉండదు.

2. కట్ట విప్పే ముందు నంబరు వేయండి

ఈ అడుగు దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే నేను చెడగొట్టింది ఇక్కడే.

మా తాతది చిన్న కిరాణా దుకాణం. అప్పుడు అన్ని దుకాణాల్లో ఉన్నట్టే గల్లాపెట్టె పక్కన మేకుకి ఒక ఇనుప తీగ వేలాడేది. కింద చెక్క బిళ్ల, పైన కొంకి. రోజూ వచ్చిన చీటీలు, రసీదులు ఆ తీగకు గుచ్చేవాళ్లు. నిండితే తీగతో సహా తీసి సందుగలో వేసేవాళ్లు. అలాంటి తీగలు నాకు ఆరు దొరికాయి. నేనేం చేశానంటే, చాలా తెలివిగా, అన్నీ ఊడబీకి పార్టీల వారీగా సర్దాను. బెల్లం వాళ్లవి ఒక కుప్ప, నూనె వాళ్లవి ఒక కుప్ప. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నెల తర్వాత తెలిసింది, సగం చీటీల మీద తేదీ లేదు. తేదీ తీగ మీద ఉంది. కింద గుచ్చింది ముందుది, పైన గుచ్చింది తర్వాతది. పైదానికీ కిందిదానికీ తేదీ ఉంటే మధ్య దాని తేదీ దాదాపు తేలిపోయేది. ఇప్పుడు ఆ చీటీల్లో చిల్లు ఉంది, వరస లేదు.

కాబట్టి మీ తెలివితో సర్దకండి. వాళ్లు ఎలా పెట్టారో అదే సర్దుబాటు. ప్రతి కట్టకీ చిన్న తెల్ల కాగితం ముక్క మీద పెన్సిల్‌తో నంబరు రాసి లోపల పెట్టండి: సం-1, క-1 అంటే సందుగ ఒకటి, కట్ట ఒకటి. కట్టకి చుట్టిన దారం ఏ రంగో, ఏ గుడ్డలో కట్టారో కూడా నోట్‌బుక్కులో రాయండి. ఒక ఇంట్లో కోర్టు గొడవ కాగితాలన్నీ ఎర్ర గుడ్డలో, మిగతావన్నీ పాత ధోవతి ముక్కల్లో కట్టి ఉన్నాయి. గుడ్డ పారేసి ఉంటే ఆ సంగతి పోయేది.

పుస్తకం మధ్యలో దొరికిన బస్సు టికెట్టు, ఎండిన పువ్వు, మందుల చీటీ లాంటివి దొరికిన పేజీలోనే ఉండాలి. పువ్వు కాగితానికి మరక చేస్తుంటే దాన్ని కవరులో వేసి, ఏ పేజీలో దొరికిందో కవరు మీద రాయండి.

తీగ తుప్పు పట్టి కాగితాన్ని తింటుంటే ఏం చేయాలి? వరస చెడకుండా కింది నుంచి పైకి 1, 2, 3 అని ప్రతి చీటీ వెనక మూలలో పెన్సిల్‌తో సన్నగా నంబరు వేసి, తర్వాత తీగను కట్టరుతో కత్తిరించి తీయండి. చీటీలను లాగకండి, తీగనే లాగండి.

3. నాలుగు రకాల్ని పక్కకు తీయండి

వరస కదపవద్దన్నాను కదా. ఈ నాలుగింటికే మినహాయింపు. తీసిన చోట "ఇక్కడ ఉన్నది ఫలానా, ఫలానా కవరులో పెట్టాను" అని చీటీ పెట్టాలి.

మొదటిది, తడిసినవి, బూజు పట్టినవి, పురుగులు కదులుతున్నవి. వీటిని వేరే గదిలో పెట్టండి.

రెండోది, ఇప్పటికీ చెల్లుబాటయ్యే ఆస్తి కాగితాలు: రిజిస్టర్డ్ దస్తావేజులు, సాదాబైనామాలు (రిజిస్ట్రేషన్ కాని భూమి కొనుగోలు కాగితాలు), పాస్‌పుస్తకాలు, పహాణీ (ఊరి భూమి రికార్డు) నకళ్లు, కోర్టు డిక్రీలు. వీటి అసలు ప్రతులు ఇంట్లో బీరువాలోనే ఉండాలి. ఆర్కైవ్స్‌కి, అంటే పాత రికార్డులు దాచే సంస్థకు, ఇవ్వాలనుకుంటే కాపీ ఇవ్వండి. భూమి తగాదా ఎప్పుడు లేస్తుందో మనకు తెలియనిది కాదు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే వాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. మీ తాత దాచిన నకలు మీ దగ్గరే ఉంటే దాన్ని "పాత కాగితం" అని ఎవరికో ఇచ్చేయకండి.

మూడోది ఫొటోలు, నెగెటివ్‌లు. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు వద్దు. ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవరులో పెట్టండి. ముందు ఖాళీ కవరు మీద వివరం రాసి, ఆ తర్వాతే ఫొటో లోపల పెట్టాలి. ఫొటో లోపల ఉండగా కవరు మీద రాస్తే గీత ముందువైపు తేలుతుంది.

నాలుగోది కాస్త సున్నితం. మీ తాతో ముత్తాతో పట్వారీ (ఊరి భూమి లెక్కలు రాసే ఉద్యోగి) అయితే, 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక ఊరి రికార్డులు కొన్ని ఇంట్లోనే ఉండిపోయి ఉండవచ్చు. అవి మీ కుటుంబ కాగితాలు కావు, సర్కారువి. అమ్మకండి, కాల్చకండి, ఒక్క పేజీ కూడా చించకండి. విడిగా జాబితా రాసి, తహసీల్దారు ఆఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకోండి. ఆయన సొంత డైరీలు, ఉత్తరాలు మాత్రం మీవే.

4. దుమ్ము దులపండి, అంతకు మించి వద్దు

మాస్కు పెట్టుకుని, దుప్పటి మీద కాగితం పరిచి, మధ్య నుంచి అంచు వైపు మెత్తగా బ్రష్ కొట్టండి. అంచు నుంచి మధ్యకు కొడితే చిరుగులో బ్రష్ వెంట్రుక ఇరుక్కుంటుంది. పుస్తకమైతే మూసి ఉంచి గట్టిగా పట్టుకుని ముందు పై అంచు దులపండి, దుమ్మంతా అక్కడే ఉంటుంది.

ఖాతా పుస్తకం మొదటి పేజీలో "శ్రీ" రాసి పసుపు, కుంకుమ పెట్టి ఉంటాయి. కొందరు దాన్ని మరక అనుకుని రుద్దేస్తున్నారు. అది ఆ పుస్తకం పుట్టినరోజు గుర్తు. బ్రష్ కూడా తగలనివ్వకండి, పైన ఒక తెల్ల కాగితం వేసి వదిలేయండి.

తుప్పు పట్టిన గుండుసూది లాగితే రాదు, వస్తే కాగితం ముక్కతో సహా వస్తుంది. కాగితానికీ సూదికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ షీటు ముక్క దూర్చి, అటూ ఇటూ మెల్లగా కదిపి తుప్పు పట్టు వదిలించి తర్వాత తీయండి. రాకపోతే అలాగే ఉంచండి. తీసిన చోట కలిసి ఉండాల్సిన కాగితాలను ఒక మడత కాగితంలో పెట్టండి, మళ్లీ పిన్ను కొట్టకండి.

తడి ఎందుకు వద్దంటున్నానో ఒక్క ఉదాహరణ చాలు. పాత రసీదుల మీద ఊదారంగు రాత చూసే ఉంటారు. అది కాపీయింగ్ పెన్సిల్. తడి తగిలితే చాలు, రాత మొత్తం ఊదా మరకై పాకిపోతుంది. రబ్బరు స్టాంపు సిరా కూడా అంతే. పాత మసి సిరా వెలిసిపోకపోవచ్చు గానీ నీళ్లు తగిలితే చెరిగిపోతుంది. ఇంకో రకం సిరా ఉంది, అక్షరాల చుట్టూ గోధుమరంగు అంచు కట్టి, చివరికి అక్షరం ఉన్నచోట చిల్లే మిగులుతుంది. అలాంటి కాగితాన్ని మడవకండి, కింద అట్ట పెట్టి అట్టతో సహా ఎత్తండి.

బూజు పొడిగా, బూడిదలా ఉంటే ఆరుబయట నీడలో, గాలి మీ ముఖం మీదికి కొట్టకుండా నిలబడి దులపండి. జిగటగా ఉంటే ముందు నీడలో ఆరనివ్వాలి. ఎండలో మాత్రం పెట్టకండి. "ఒక్క గంట ఎండ తగిలితే పురుగు చస్తుంది కదా" అంటారు. పురుగు చావడం అనుమానం, సిరా వెలవడం ఖాయం.

పురుగులకు ఇంట్లో చేయగలిగే పని ఒకటుంది. కట్టను కాగితంలో చుట్టి, రెండు పాలిథిన్ కవర్లలో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి, లేకపోతే చెమ్మంతా కాగితం మీదే చేరుతుంది. ఫొటోలకు ఈ పని వద్దు.

ఇక పౌడర్. గమాక్సిన్ లాంటి పాత పురుగుమందు ఎవరింట్లోనైనా ఇంకా ఉంటే అది చల్లనే వద్దు. నిషేధించిన విషం అది, రేపు ఆ కాగితం పట్టుకునే పిల్లల చేతికి అంటుతుంది. కలరా ఉండలు వాసనతో పురుగును కొంత దూరం పెడతాయేమో గానీ చెదలను ఆపవు, మూసిన గదిలో ఆ గాలి పీల్చడం మనకూ మంచిది కాదు. వేపాకు వేయాలనుకుంటే గలగలలాడేలా ఎండిన ఆకును పల్చటి గుడ్డలో మూటకట్టి డబ్బా మూలలో పెట్టండి. పచ్చి ఆకు వేసి బూజు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ల్యామినేషన్ చేయించకండి. మా బంధువు ఒకాయన తాత సనదుకు (సర్కారు ఇచ్చిన పత్రానికి) ఒక షాపులో ల్యామినేషన్ చేయించి గోడకు తగిలించాడు. రెండు వానకాలాలు గడిచేసరికి లోపలే బూజు. ఇప్పుడు విప్పడానికి లేదు, విప్పితే అక్షరాలు ప్లాస్టిక్‌తో పోతాయి. సెల్లోటేపు కూడా దానికి తమ్ముడే. ఇప్పటికే వేసి ఉంటే పీకకండి, అలాగే వదిలేయండి. చిరిగిన ముక్కలను అతికించే పని నేర్చినవాళ్లకు వదిలి, అన్నీ ఒక కవరులో పెట్టండి.

5. తేదీ తేల్చండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నిజాం కాలం కాగితాల మీద ఫస్లీ సంవత్సరం (సర్కారు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటుంది. దాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి చాలామంది 590 కలిపేసి ఊరుకుంటారు. చాలా కాగితాలకు అది సరిపోదు. హైదరాబాద్ రాజ్యంలో ఫస్లీ ఏడు అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. బహమన్ నెలాఖరుకి జనవరి వచ్చేస్తుంది. కాబట్టి ఆజూర్, దై, బహమన్ అయితే 590 కలపండి (బహమన్ ఆఖరి రోజులు జనవరిలో పడితే 591), ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపండి.

25 ఖుర్దాద్ 1352 ఫస్లీ అని ఉందనుకోండి. ఖుర్దాద్ అంటే ఏప్రిల్–మే. 1352కి 591 కలిపితే 1943. అంటే 1943 ఏప్రిల్ చివర. 590 కలిపి ఉంటే ఏడాది తప్పేది. ఇప్పటి పహాణీల్లోని ఫస్లీ జూలైలో మొదలవుతుంది, ఆ లెక్కను పాత కాగితాలకు వాడకండి.

తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే అది అరవై ఏళ్లకోసారి వస్తుందని మరచిపోవద్దు. "సర్వధారి" అంటే 1888-89 కావచ్చు, 1948-49 కావచ్చు. ఏదో తేల్చడానికి పక్కన ఇంకో ఆనవాలు వెతకాలి. డబ్బు మంచి ఆనవాలు. "హాలీ" అని ఉంటే నిజాం రూపాయి, "కల్దార్" అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. ఏడు హాలీలకు దాదాపు ఆరు కల్దార్లు. నిజాం అణాకు ఆరు పైలు, బ్రిటిష్ అణాకు పన్నెండు పైలు. కూడిక తేడా వస్తుంటే ముందు ఇది చూడండి, తాత లెక్క తప్పని అనుకోకండి. "నయా పైసలు" కనిపిస్తే అది 1957 ఏప్రిల్ తర్వాతి కాగితం.

ఖాతా పుస్తకం దీపావళికి తెరిచిన ఇళ్లున్నాయి, ఉగాదికి తెరిచిన ఇళ్లున్నాయి. రెండిట్లో ఏదైనా ఒక పుస్తకం రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో పడుతుంది. "1945" అని ఒక్కటి రాయకుండా "1945-46" అని రాయండి. పోస్టుకార్డుకైతే లోపలి తేదీ ఒకటి, తపాలా ముద్ర తేదీ ఒకటి, రెండూ రాయండి.

ఉర్దూ కాగితాలు చదివించుకోవడానికి ఒక చిట్కా. అచ్చు ఉర్దూ చదవగలిగిన వాళ్లందరూ దఫ్తరు చేతిరాత చదవలేరు. గొలుసుకట్టులా, చుక్కలు ఎగరేసి రాసిన షికస్తా రాత అది. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లు ఇప్పటికీ కొందరు ఉన్నారు. ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూపించి, "సారాంశం చెప్పండి" అని కాకుండా "ఉన్నది ఉన్నట్టు చదవండి" అని అడిగి రికార్డు చేసుకోండి. సారాంశంలో పేర్లు, సర్వే నంబర్లు, సాక్షులు ఎగిరిపోతారు. ఆదిలాబాద్ వైపు కాగితాల్లో మరాఠీ మోడీ లిపి, మార్వాడీ కొట్ల పుస్తకాల్లో మహాజనీ లిపి తగలవచ్చు. చదవలేకపోతే "చదవలేదు" అని రాయండి, ఊహించి రాయకండి.

6. జాబితా రాయండి

ఆర్కైవ్స్ వాళ్లు ముందు అడిగేది ఇదే. ప్రతి కాగితానికి ఒక వరస అక్కర్లేదు, ప్రతి కట్టకి ఒకటి చాలు. ఇలా:

సం-1, క-3. ఎర్ర దారం. రసీదులు 41, ఉత్తరాలు 2. తెలుగు, ఉర్దూ. 1351 నుంచి 1353 ఫస్లీ (1941–44). పత్తి కొనుగోలు. కుడి అంచు చెదలు తిన్నది.

పుస్తకాలకు చిట్టానా, ఆవర్జానా, బాకీల పుస్తకమా అన్నది రాయండి. రోజువారీ జమాఖర్చు చిట్టా, మనిషివారీ ఖాతా ఆవర్జా. అన్నిటికీ "లెక్కల పుస్తకం" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

ఏది విలువైనదో మీరు తేల్చకండి. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన తాత గేటు పాసు, జీతం చీటీ, కార్మిక సంఘం చందా రసీదు చిత్తు కాగితాల్లా కనిపిస్తాయి. 1934లో మొదలైన ఆ మిల్లు ఇప్పుడు లేదు. కంపెనీ లెక్కల్లో ఉండేది కంపెనీ మాట. వరంగల్ కొత్తవాడలో తివాచీ నేసినవాళ్లకు నూలు ఎంతకు పడింది, అడ్వాన్సు ఎంత పట్టారు అన్నది చిన్న చీటీల్లోనే ఉంటుంది. సింగరేణి, నిజాం స్టేట్ రైల్వే, కాగజ్‌నగర్ పేపరు మిల్లు, లెవీ ధాన్యం రసీదులు, రేషను చీటీలు, హనుమకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం లాంటి పాత గ్రంథాలయాల చందా కాగితాలు కనిపిస్తే ఆ పేరును జాబితాలో తప్పక రాయండి.

సరి చూసుకోవడానికి ఒక పరీక్ష. ఇంట్లో ఈ పనిలో లేని ఒకరిని పిలిచి జాబితాలోంచి ఏవైనా ఐదు చదవమనండి. ఒక్కోటి రెండు నిమిషాల్లో మీ చేతికి రావాలి. తర్వాత తిరగేసి చేయండి, పెట్టెలోంచి ఐదు కట్టలు తీసి జాబితాలో వెతకండి. ఎక్కడ తప్పితే అక్కడి నుంచి మళ్లీ చూడండి.

7. ఫోన్‌తో ఫొటోలు

కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట. ఫ్లాష్ వద్దు. ఫోన్ కాగితానికి సమాంతరంగా, నాలుగు మూలలూ కనిపించేలా. పక్కన స్కేలు, కట్ట నంబరు చీటీ. వెనకవైపు ఖాళీ అయినా తీయండి, స్టాంపు అమ్మినవాడి ముద్ర తరచుగా అక్కడే ఉంటుంది.

స్కానింగ్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చేసి చూపిస్తాయి. అది ఆపేయండి. ఎర్ర సిరా, ఊదా పెన్సిల్ తేడా అందులో పోతుంది. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు జాబితా నంబరే: సం1-క3-007. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి మీ ఇంట్లో కాక వేరే ఊళ్లో ఉండాలి. ప్రతి కట్ట అయ్యాక అన్నిటికన్నా చిన్న అక్షరాన్ని జూమ్ చేసి చూడండి. చదవగలిగితేనే తర్వాతి కట్ట. ఫొటో తీశాం కదా అని అసలు కాగితాన్ని చిత్తుకు వేసిన ఇల్లు ఒకటి చూశాను, హార్డ్ డిస్కు పాడై రెండూ పోయాయి.

8. దాచే చోటు

ఒక్కో కట్టను తెల్ల కాగితంలో చుట్టి, ఉతికిన నూలు గుడ్డలో బస్తా కట్టి, నాడాతో ముడి వేయండి. పాత దఫ్తర్లలో చేసిందీ ఇదే. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది, సుతిలి కోస్తుంది. పాలిథిన్ సంచిలో గట్టిగా మూసి అటక మీద పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని, లోపల చెమ్మ బయటికి పోదు.

ఇనుప అల్మారా మంచిది. గోడకు నాలుగు వేళ్లు ఎడంగా, నేలకు జానెడు ఎత్తులో. బాత్‌రూము గోడ, వంటింటి గోడ, స్లాబు కింద సజ్జ మూడూ వద్దు. ఖాతా పుస్తకాలను నిలబెట్టకుండా పడుకోబెట్టండి, నాలుగుకు మించి పేర్చకండి.

2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు కింది అరల్లో పెట్టినవే ముందు తడిశాయి. అలా తడిస్తే రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే చేతనైనన్ని ఆరబెట్టి, మిగతావి కవర్లలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి పాత తెల్ల గుడ్డల మధ్య ఆరబెట్టవచ్చు. తడి పేజీలను వేలితో విడదీయకండి. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ జోలికి వెళ్లకండి.

9. ఆర్కైవ్స్‌కి ఇవ్వాలనుకుంటే

ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే ఇంట్లోనే ఉంచవచ్చు. మీ తర్వాత చూసుకునేవాళ్లు లేరనిపిస్తేనే ఇవ్వడం గురించి ఆలోచించండి. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ చరిత్ర శాఖ ఉంది. సందుగ ఎత్తుకుని పోకండి. జాబితా, పది ఫొటోలు ముందు పంపి, తీసుకుంటారా అని అడగండి.

మాట్లాడేటప్పుడు ఇవి తేల్చుకోండి: పూర్తిగా ఇచ్చేస్తున్నామా, దాచమని ఇస్తున్నామా? కట్టల వరస అలాగే ఉంచుతారా? అక్కర్లేదనుకున్నవి తిరిగి ఇస్తారా, పారేస్తారా? స్కాన్ చేస్తే మాకు ఒక ప్రతి ఇస్తారా? ఎవరు చూడవచ్చు? అన్నీ కాగితం మీద రాయించుకుని, మీ జాబితా మీద ప్రతి పేజీకి సంతకం తీసుకోండి. "తర్వాత రసీదు పంపిస్తాం" అన్నచోట ఆ రోజుకి ఇవ్వకుండా వచ్చేయండి. నేను ఒకసారి మొహమాటపడి ఇచ్చేశాను. ఆ రసీదు ఇంతవరకు రాలేదు.

కుటుంబంలో అందరూ ఒప్పుకున్నారా అన్నది ముందే చూసుకోండి. అన్నదమ్ముల సంతకాలు తీసుకోండి. ఇంకొకటి, మీకు వచ్చిన ఉత్తరం కాగితం మీది, అందులోని రాత మీద కాపీరైటు రాసినవాళ్లదీ వాళ్ల వారసులదీ. అచ్చు వేయాలంటే వాళ్లను అడగాలి.

బాకీల పుస్తకం విషయంలో చాలామంది తటపటాయిస్తారు. ఎవరి తాత ఎంత అప్పు చేశాడో, ఎవరి పుస్తెలతాడు తాకట్టులో ఉందో అందులో ఉంటుంది, ఆ కుటుంబాలు అదే ఊళ్లో ఉంటాయి. అందుకని పేజీలు చించకండి, పేర్లు కొట్టేయకండి. "ఈ పుస్తకాలు ఇన్నేళ్లదాకా ఎవరికీ చూపించకూడదు" అని షరతు రాసి ఇవ్వండి. 30 ఏళ్లు అడిగినా తప్పులేదు. షరతుకు ఒప్పుకోకపోతే ఆ పుస్తకాలు మీ దగ్గరే ఉంచి మిగతావి ఇవ్వండి.

10. ఏడాదికి ఒక్కసారి తెరవండి

బతుకమ్మ, దసరా ముందు ఇల్లు దులిపే రోజు ఇందుకు బాగుంటుంది, వానలు అప్పటికి తగ్గుతాయి. గోడ మీద, అల్మారా కాళ్ల మీద మట్టి గీత ఉందా చూడండి, ఉంటే చెదలు దారి వేసుకున్నట్టే. అడుగున ఇసుకలాంటి పొడి రాలి ఉంటే పురుగు. మూత తీయగానే ముక్కిన వాసన వస్తే చెమ్మ, బస్తాలన్నీ విప్పి ఒక పూట నీడలో పరవండి. అయ్యాక చూసిన తేదీ మూత లోపలివైపు పెన్సిల్‌తో రాయండి, కింద మీ పేరు కూడా.